ఊడిన సన్‌మైకా కింద ఏముందో చూడాలి

అమెరికాలో కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే బండి ఇళ్లను ట్రావెల్ ట్రైలర్లంటారు. పడక, స్నానాల గది, స్టవ్, ఫ్రిజ్, సింకు, దాన్ని ఆనుకుని బారెడు వంటగట్టు అన్నీ ఆ పెట్టెలోనే సర్దుకుపోతాయి. ఇండియానా రాష్ట్రంలో ఎల్‌ఖార్ట్ చుట్టుపక్కలున్న ఫ్యాక్టరీలు ఈ పరిశ్రమకు ఆయువుపట్టు. కోవిడ్ రోజుల్లో విమానాలు, హోటళ్లు వద్దనుకున్న జనం వీటికోసం ఎగబడ్డారు. ట్రైలర్లు, మోటార్ హోమ్‌లు అన్నీ కలిపి 2021లో 6 లక్షలకు పైగా బళ్లు ఫ్యాక్టరీ గేటు దాటాయి. 2023కల్లా ఆ లెక్క 3.13 లక్షలకు దిగివచ్చింది. ఆ రద్దీలో తయారైన బళ్లలో చాలావాటికి కంపెనీ ఇచ్చిన ఏడాది వారంటీ ఎప్పుడో తీరిపోయింది. చేతులు మారి రెండో యజమాని దగ్గరికి చేరినవీ ఎన్నో ఉన్నాయి. అలా కొన్నవాళ్లకు త్వరగా కంటబడే లోపాల్లో ఒకటి సింకు పక్కన సన్‌మైకా లేచి నిలబడటం. దుకాణానికెళ్లి డబ్బా జిగురు తెచ్చి, పూసి, పైన బరువు పెడితే పని అయిపోతుందని సహజంగానే అనుకుంటారు. నా వాదన వేరు. సన్‌మైకా లేచిందంటే చాలాసార్లు కింద చెక్కకు నీళ్లు తగిలాయని అర్థం. అది చూసుకోకుండా జిగురు పూస్తే పుండొకచోట ఉండగా మందొకచోట రాసినట్టే అవుతుంది. అసలు నీళ్లకు నిలవని చెక్కను, అంచులకు కనీసం సీలు కూడా వేయకుండా, కదిలే బండిలో సింకు చుట్టూ బిగించి అమ్మడం కొన్నవాడి పొరపాటుకన్నా చాలా పెద్ద తప్పు.

మనం సన్‌మైకా అని పిలిచే ఈ లామినేట్‌ను తక్కువ చేసి చూడనక్కర్లేదు. ఫినాలిక్ రెజిన్ పట్టించిన క్రాఫ్ట్ కాగితాలను పొరలుగా పేర్చి, పైన మెలమైన్ పట్టించిన రంగు కాగితం పరిచి, విపరీతమైన వేడి, ఒత్తిడి మధ్య అదిమితే ఈ రేకు తయారవుతుంది. 1913లో సిన్సినాటిలో పుట్టిన ఫార్మైకా కంపెనీ పేరుతో ఇది ప్రపంచంలోని వంటిళ్లన్నిటికీ పాకింది. మిల్లీమీటరు అటూఇటూ మందం ఉన్నా రోజువారీ గీతలకూ తడికీ ఓ పట్టాన లొంగదు. బలహీనత అంతా దాని కింద ఉంటుంది. ట్రైలర్ వంటగట్లలో ఎక్కువగా కనిపించేది పార్టికల్ బోర్డు, అంటే చెక్క తునకలనూ రంపపు పొట్టునూ రెజిన్‌తో కలిపి అదిమిన పలక. పొడిగా ఉన్నంతకాలం అది బాగానే పనిచేస్తుంది. నీళ్లు తగిలితే మాత్రం అదిమి ఉంచిన తునకలన్నీ ఒక్కసారి ఉబ్బుతాయి, మళ్లీ ఆరినా పాత మందానికి రావు. సింకు కోసం, కుళాయి కోసం బెజ్జం కోసిన ప్రతిచోటా ఆ పలక పచ్చి అంచు బయటపడి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ అంచుకు ఒక్క పూత వార్నిష్ కూడా పడకపోతే, సింకు చుట్టూ వేసిన సన్నటి సిలికాన్ గీత ఒక్కటే దానికి రక్ష.

ఆ సిలికాన్ గీత ఇంట్లో పదేళ్లు నిలుస్తుందేమోగానీ బండిలో నిలవడం కష్టం. రోడ్డు మీద ప్రతి గుంతకూ ఫ్రేము కొద్దికొద్దిగా మెలితిరుగుతుంది, సింకు బరువు గట్టును కిందకు లాగుతూనే ఉంటుంది. అరిజోనా ఎండలో తలుపులు మూసి నిలబెట్టిన బండి లోపల వేడి 50 డిగ్రీలు దాటిపోతుంది. అంచు పట్టీలను పట్టి ఉంచే హాట్‌మెల్ట్ జిగురుకు అంత వేడి పదేపదే తగలడం మంచిది కాదు. మిచిగన్ లాంటి చోట్ల చలికాలం ముందు పైపుల్లో నీళ్లు పూర్తిగా తీసేయకపోతే అవి గడ్డకట్టి పైపు పగులుతుంది. వసంతంలో తొలిసారి పంపు వేసినప్పుడు ఆ నీళ్లు చేరేది సింకు కింద అల్మరాలోకే. ఇవి చాలవన్నట్టు లామినేట్ కూడా గాలిలో తేమనుబట్టి సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, నిలువుకన్నా అడ్డంగా ఎక్కువగా. కింద పలక మరో తీరున కదులుతుంది. ఈ రెండింటి మధ్య పెనుగులాట అంతా జిగురు పొర మీదే పడుతుంది. అంటే వేడి, కుదుపు, తేమ, నీళ్లు అనే నాలుగింటిలో ఏది కారణమైనా పైకి కనిపించేది ఒకటే, లేచిన సన్‌మైకా. మొదటి మూడింటికి జిగురుతో మరమ్మతు సరిపోతుంది. నీళ్లకు సరిపోదు. కారణం తేల్చుకోకుండా డబ్బా మూత తీయొద్దని అంటున్నది అందుకే.

తేల్చుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. వేళ్ల కణుపులతో గట్టంతా తట్టుకుంటూ పోతే అతుక్కుని ఉన్నచోట గట్టి చప్పుడు, విడిపోయినచోట డొల్ల చప్పుడు వినిపిస్తాయి. డొల్లగా ఉన్న మేర పెన్సిలుతో గీత గీసుకుంటే రోగమెంతవరకు పాకిందో పటం తయారవుతుంది. ఆ గీత సింకు చుట్టూనో కుళాయి చుట్టూనో ఉంటే అనుమానం నీళ్ల మీదకు పోవాలి. ముందు అంచు పొడవునా, పొయ్యికి దగ్గరగా ఉంటే వేడి మీదకు పోవాలి. తర్వాత సింకు కింద తలుపు తీసి, టార్చి వేసి, కోసిన అంచును స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పలక మొనను ఆపేస్తుంది. తడిసిన పలకలోకి మొన దిగిపోయి, బయటికి తీస్తే పొట్టు పొడిపొడిగా రాలుతుంది. బాగున్నచోట పలక మందం స్కేలుతో కొలిచి అనుమానం ఉన్నచోట మందంతో పోలిస్తే ఉబ్బు ఎంతో తెలిసిపోతుంది. ఇక నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయన్నది. నీళ్లు కనిపించిన చోటే లోపలికి వచ్చి ఉండాలని లేదు. గట్టు మీద కిటికీ చట్రం కారుతుండొచ్చు, కప్పు మీంచి దిగే గాలిగొట్టం చుట్టూ సీలు పగిలి నీళ్లు గోడ లోపలినుంచి దిగుతుండొచ్చు, కుళాయి అడుగున వాషరు అరిగిపోయి ఉండొచ్చు. ఒకరు బయట నిలబడి గొట్టంతో కింద నుంచి పైకి మెల్లగా నీళ్లు పడుతుంటే, ఇంకొకరు లోపల కూర్చుని ఎప్పుడు చెమ్మ మొదలైందో చూస్తే దారి దొరుకుతుంది. ఈ పనికి ఒక పూట పడుతుంది. ఆ పూట కేటాయించని మరమ్మతు మీద నాకు నమ్మకం లేదు.

పలక ఎండుగా, గట్టిగా ఉందని తేలితే మాత్రం మిగిలింది మన ఊళ్లో సన్‌మైకా పని చేసే ఏ వడ్రంగికైనా చేతికి అలవాటైన పనే. రబ్బరు జిగురును రెండు వైపులా, అంటే పలక మీదా రేకు వెనకా, పలచగా పూయాలి. పూసిన వెంటనే అతికించకూడదు. వేలితో తాకితే అంటుకోనంతగా ఆరేదాకా ఆగాలి, అది పదిహేను నిమిషాలో అరగంటో వాతావరణాన్నిబట్టి ఉంటుంది. ట్రైలర్లలో ఈ దశలోనే పని చెడుతుంది. రేకు సగం మాత్రమే లేచి ఉంటుంది కాబట్టి సందులోకి జిగురు దూర్చి వెంటనే అదిమేస్తారు, ద్రావకం ఆవిరయ్యే దారిలేక లోపలే చిక్కుకుని పట్టు దొరకదు. లేచిన రేకును సన్నటి పుల్లలతో ఎత్తిపట్టి, గాలి ఆడనిచ్చి, పాత జిగురు ఉండలను గీకేసి, అప్పుడు పూయాలి. ఆరాక పుల్లలు ఒక్కొక్కటే తీస్తూ, అతుక్కుని ఉన్న వైపు నుంచి విడిన అంచు వైపుకు రోలరుతో బలంగా నొక్కుకుంటూ రావాలి. రబ్బరు జిగురుకు పట్టు వచ్చేది నొక్కుడు వల్లే, పైన రాత్రంతా పెట్టిన బరువు వల్ల కాదు. రెండు పొరలు తాకాక ఇక జరపడం కుదరదు గనుక తొందర పనికిరాదు. పాత జిగురు ఇంకా బాగుండి, వేడికి మాత్రమే పట్టు విడిచిన సందర్భాల్లో గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో కాస్త వెచ్చబెట్టి, చల్లారేదాకా నొక్కి ఉంచితే కొత్త జిగురు లేకుండానే అతుక్కోవచ్చు. ముందుగా ఇది ప్రయత్నించడం మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త పెద్ద గొంతుతో చెప్పాలి. ఈ జిగుళ్లలో చాలావాటి ద్రావకం చిటికెలో అంటుకునే రకం. దాని ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పోగవుతుంది. ట్రైలర్‌లో ఫ్రిజ్‌కు, నీళ్ల హీటరుకు, గది వేడిచేసే ఫర్నేసుకు మంట ఉండేది కూడా కింద భాగంలోనే. అవి ప్రొపేన్ గ్యాసు మీద తమంతట తామే వెలుగుతుంటాయి. డబ్బా మూత తీసేముందు సిలిండరు వాల్వు కట్టేయాలి, కరెంటుతో నిప్పురవ్వ పుట్టించేవి ఆపాలి, కిటికీలు, తలుపు బార్లా తెరవాలి. ఇంట్లో హాలు మధ్య పనిచేసే వడ్రంగికి లేని ప్రమాదం ఎనిమిది అడుగుల వెడల్పు బండిలో ఉంది. నీటితో పలచబడే రకం జిగుళ్లు కూడా దొరుకుతాయి. ఆరడానికి ఎక్కువసేపు పట్టినా, ఇరుకు చోట వాటినే నేను ముందు పెడతాను.

పలక తడిసి ఉబ్బిందని తేలితే ఇదంతా పక్కన పెట్టాలి. ఉబ్బిన పలక మీద ఎంత మంచి జిగురు పూసినా అది అతుక్కునేది పైనున్న పొట్టు పొరకే. ఆ పొరే పలకనుంచి విడిపోతుంటే జిగురు ఏం చేస్తుంది? ముందు నీళ్ల దారి మూయాలి, తర్వాత ఫ్యాను పెట్టి రోజుల తరబడి ఆరనివ్వాలి. చెడింది వేలెడు మేరే అయితే దాన్ని చెక్కి తీసేసి ఎపాక్సీతో నింపి, బల్లపరుపుగా సాన పట్టి అప్పుడు అతికించాలి. జానెడు మించితే ఆ ముక్క కోసి తీసేసి ప్లైవుడ్ ముక్క వేయడమే నిజాయతీ. కోసిన ప్రతి అంచుకూ ఎపాక్సీగానీ వార్నిష్‌గానీ రెండు పూతలు వేసి, సింకును మళ్లీ కొత్త సిలికాన్‌లో కూర్చోబెట్టాలి. ఈ అంచు పూతకు ఖర్చు చాలా తక్కువ, పట్టే సమయం కొద్ది నిమిషాలు. ఫ్యాక్టరీలో చేయాల్సిన పని అది. వేల డాలర్లు పోసి కొన్నవాడు ఏళ్ల తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ఎందుకు చేయాలి?

తయారీదార్లు దీనికి చెప్పే మొదటి జవాబు బరువు. కారు లాగాల్సిన బండి కదా, ప్రతి కిలో లెక్కే అంటారు. లాగే బండికి బరువు లెక్క ముఖ్యమన్నది నిజమే, దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఈ వాదన ఇక్కడ అతకదు. పార్టికల్ బోర్డు బరువు క్యూబిక్ మీటరుకు సుమారు 650 కిలోలూ ఆ పైనా ఉంటుంది. పాప్లర్ ప్లైవుడ్ 450 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. బరువే కొలబద్ద అయితే ప్లైవుడ్డే గెలవాలి. పార్టికల్ బోర్డును నిలబెడుతున్నది దాని ధర. ధర తక్కువగా ఉండటం తప్పేమీ కాదు, మధ్యతరగతి కుటుంబానికి బండి అందుబాటులోకి రావాలంటే చవక సరుకు కూడా కావాలి. అయితే చవక పలక వాడినప్పుడే దాని అంచులకు పూత వేయాల్సిన బాధ్యత ఇంకా పెరుగుతుంది. ఆ పూతకు బరువు లేదు, చెప్పుకోదగ్గ ధరా లేదు.

రెండో జవాబు, ఇది పై మెరుగుల వ్యవహారమని, ఇంతోటిదానికి నిబంధనలెందుకని. ఈ మాటకు చరిత్రలోనే సమాధానం ఉంది. 2005లో కత్రినా తుపానుకు ఇళ్లు పోగొట్టుకున్న వేలాది కుటుంబాలను అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెమా ట్రైలర్లలో ఉంచింది. కళ్లు మండుతున్నాయని, ఊపిరి ఆడటం లేదని జనం మొత్తుకుంటే చాలాకాలం పట్టించుకున్న నాథుడు లేడు. చివరికి 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 519 ట్రైలర్లలో గాలిని పరీక్షించింది. ఫార్మాల్డిహైడ్ సగటున వంద కోట్ల పాళ్లలో 77 పాళ్లు తేలింది, మామూలు ఇళ్లలో ఉండేదానికన్నా బాగా ఎక్కువ. చెక్క పలకల్లో వాడే రెజిన్ల నుంచి వెలువడే వాయువు అది. 2010లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది, 2018 జూన్ 1 నుంచి దాని కింద నిబంధనలు అమల్లోకి వచ్చాయి, పార్టికల్ బోర్డుకు 0.09 పీపీఎం హద్దు పెట్టారు. వాహనాల లోపల వాడే పలకలకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది, కానీ ఆర్వీలను, అంటే ఈ ట్రైలర్లు, మోటార్ హోమ్‌ల వర్గాన్ని, ఆ మినహాయింపులో చేర్చలేదు. మనుషులు పడుకుని వండుకుని తినే చోటని గుర్తించి చేసిన పని అది. పరిశ్రమ మూతపడలేదు. మూడేళ్లకు, 2021లో, అమ్మకాల రికార్డు కూడా కొట్టింది. పలక నుంచి ఎంత ఫార్మాల్డిహైడ్ వెలువడొచ్చో చట్టం చెప్పగలిగినప్పుడు, ఆ పలక కోసిన అంచుకు పూత ఉండాలని చెప్పడం అసాధ్యమేమీ కాదు.

ఇప్పుడున్న రక్షణలు ఆ ఖాళీని పూడ్చడం లేదు. అక్కడి పరిశ్రమ పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 1192 ప్రమాణం నిప్పు, గ్యాసు, నీటి గొట్టాలు, ప్రాణభద్రత గురించి. గట్టు ఎన్నాళ్లు మన్నాలన్నది దాని పరిధిలోకి రాదు. లోపమున్న వాహనాన్ని వెనక్కి ఇప్పించే లెమన్ చట్టాలు పలు రాష్ట్రాల్లో ఇంజనును, చాసిస్‌ను పట్టించుకుంటాయిగానీ నివాస భాగాన్ని పక్కన పెట్టేస్తాయి. ఇక మిగిలేది ఏడాది వారంటీ. నీళ్లు మెల్లగా చేసే నష్టం ఆ ఏడాదిలో పైకి కనబడకపోవచ్చు. కనీసం రెండు పనులు జరగాలి. గట్టుకు ఏ పలక వాడారో, ఏ రకం జిగురు వాడారో యజమానికిచ్చే పుస్తకంలో రాయాలి, ఎందుకంటే పాత జిగురు ఏమిటో తెలియకుండా కొత్తది ఎంచుకోవడం గుడ్డిపని. నీటి వల్ల కలిగే నష్టానికి వారంటీ కాలాన్ని విడిగా, ఎక్కువగా పెట్టాలి.

మూడో అభ్యంతరం యజమానుల వైపు నుంచే వస్తుంది. ఇంత శ్రమ ఎందుకు, మొత్తం గట్టు పీకేసి కొత్తది వేయించుకుంటే పోలేదా అని. డబ్బున్నవాళ్లు, పలక మొత్తం పాడైనవాళ్లు అలా చేయడంలో తప్పులేదు. కానీ సింకు, పొయ్యి, నీళ్ల గొట్టాలు, గ్యాసు గొట్టం అన్నీ ఆ గట్టుకే ముడిపడి ఉంటాయి. గట్టు తీయాలంటే వాటన్నిటినీ విప్పాలి, గ్యాసు గొట్టం విప్పి బిగించడం అందరూ చేయదగ్గ పని కాదు. తీసిన పాత లామినేట్‌ను కరిగించి మళ్లీ వాడటానికి వీల్లేదు, ఒకసారి గట్టిపడిన రెజిన్ ఇక మెత్తబడదు, అది చెత్త గుట్టకే పోతుంది. పైగా కారణం కనుక్కోకుండా కొత్త గట్టు వేసినా అదే కిటికీ నుంచి అవే నీళ్లు దాని మీదకూ దిగుతాయి. మార్చాలా, బాగుచేయాలా అన్న ప్రశ్న రెండోది. నీళ్లెక్కడివన్నదే ముందు తేలాలి.

ఈ సంగతి మన దగ్గర రాయడానికి కారణముంది. కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి విధానం తెచ్చింది, మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ మాట వినిపిస్తోంది. ఇక్కడి కారవాన్లు ఎక్కువగా బస్సు, వ్యాను చాసిస్ మీద కట్టేవి, లోపలి వంటగట్టు, అల్మరాలు మన వడ్రంగులే చేస్తారు. అరకు ఘాట్ రోడ్డు మలుపులు, విశాఖ తీరం ఉప్పుగాలి, రామగుండం ఎండ, ఆగకుండా కురిసే వానలు అమెరికా రోడ్లకన్నా ఆ గట్టును తక్కువేం పరీక్షించవు. చవకగా దొరుకుతుందని పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ వేయించే కాంట్రాక్టరును ఆపాలంటే టెండరు కాగితంలోనే మాట ఉండాలి. 72 గంటలు ఉడికే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదన్న పరీక్షకు నిలిచే ఐఎస్ 710 ప్లైవుడ్ మన బజార్లో దొరుకుతోంది. అది బరువు ఎక్కువే, కానీ కారు వెనక లాగే ట్రైలర్‌కున్నంత బరువు బెంగ బస్సు చాసిస్‌కు లేదు. సింకు, కుళాయి కోసం కోసిన ప్రతి అంచుకూ రెండు పూతల ఎపాక్సీ, సింకు బిగించే ముందు ఆ అంచుల ఫొటోలు, పలక, జిగురు వివరాలతో బండికో రికార్డు పుస్తకం, ఏటా తొలకరికి ముందు కప్పు, కిటికీల మీద గొట్టంతో నీళ్లు పట్టి పరీక్ష. పర్యాటక శాఖ ఈ నాలుగు షరతులూ బళ్లు కట్టించే ముందే టెండర్లలో రాయాలి. బిల్లు చెల్లించేది సన్‌మైకా మెరుపు చూసి కాదు, సింకు కింద తలుపు తీయించి ఇంజనీరు సంతకం పెట్టాకే అన్న నియమం కూడా అదే కాగితంలో ఉండాలి.